జేసీబీ కంటే ముందు ఒక మనిషిని నడిపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మంగమారిపేట వాణ్ణి అండి, ఇరవై ఏళ్ళ పైనుంచి వైజాగ్‌లో టూరిస్ట్ కారు నడుపుతున్నాను. పొద్దున్నే స్టేషన్ దగ్గర పార్టీని ఎక్కించుకుని కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి తిప్పి చీకటి పడేసరికి ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర దింపుతాను, అంటే భీమిలి రోడ్డులో ఏ మలుపు దగ్గర ఏ కొండ ఎంత తరిగిపోయిందో రోజూ నా కళ్ళకి కనపడుతూనే ఉంటుంది. ఈ మధ్య మీ పేపర్లో ఈ రోడ్డు గురించి, లేఔట్ల గురించి, భోగాపురం ఎయిర్‌పోర్టు గురించి, మెట్రో గురించి చాలా వస్తోంది. అన్నీ రావాలి, వస్తే నాలాంటి వాళ్ళకే ముందు నాలుగు కిరాయిలు పెరుగుతాయి. కానీ ఈ మట్టి ఎత్తే ముందు అందులో ఏముందో ఒకసారి చూడండి అని ఇన్ని వార్తల్లో ఎవరూ అన్నట్టు నాకు కనపడలేదు, ఆ మాట చెప్దామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మ తొట్లకొండ తవ్వకాల్లో కూలికి వెళ్ళిన మనిషి అండి.

1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్ళు ఆ కొండ తవ్వారు. అంతకుముందు డెబ్భైల్లో నేవీ వాళ్ళు బేస్ కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే పైన ఏవో కట్టడాలు ఉన్నట్టు బయటపడిందంట, మా ఊళ్ళో వాళ్ళకి మాత్రం అది మేకలు తోలుకెళ్ళే కొండ, రాతిలో తొలిచిన తొట్లలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి తొట్లకొండ, అంతే. తవ్వితే బౌద్ధ స్తూపం, చైత్యాలనే ప్రార్థన మందిరాలు, భిక్షువులు ఉన్న గదులు, బ్రాహ్మీ అనే పాతకాలం లిపిలో రాతలు, శాతవాహనుల సీసం నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, సెలవు రోజుల్లో అమ్మకి క్యారేజీ పట్టుకుని పైకి ఎక్కేవాణ్ణి, ఎక్కాక కిందికి రాబుద్ధి అయ్యేది కాదు. తాళ్ళు కట్టి చదరం చదరంగా గుంటలు తీసేవారు, గుంటకీ గుంటకీ మధ్య మట్టి గట్టు వదిలేసేవారు, ఆ గట్టు మీద ఎవరైనా కాలు పెడితే సార్లకి ఎక్కడ లేని కోపం వచ్చేది. ఎందుకో అప్పుడు తెలీలేదు. ఆ గట్టు పక్కన కోసిన గోడలో మట్టి పొరలు చారలు చారలుగా కనపడతాయి, బూడిద రంగు చార ఉంటే అక్కడ ఏదో కాలిందని, ఇటుక పొడి ఉంటే గోడ కూలిందని, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఆ చారల్లోనే ఉంటుంది. గట్టు చెడిపోతే ఆ లెక్క పోయినట్టే. ఈ పద్ధతి మన దేశంలో గట్టిగా నేర్పింది మోర్టిమర్ వీలర్ అనే ఆయన అని తర్వాత తెలుసుకున్నాను, 1944లో తక్షశిలలో మన కుర్రాళ్ళకి ట్రైనింగ్ పెట్టి మరీ నేర్పించాడు.

మా అమ్మ పని జల్లెడ దగ్గర. గుంటలోంచి తీసిన మట్టి ఒక్క గమేలా కూడా ఊరికే పారబొయ్యకూడదు, అంతా జల్లించాలి. గునపం, పార పైపైనే, లోపలికి వెళ్ళేకొద్దీ చిన్న తాపీ, చాకు, చివరికి బ్రష్. "మట్టి రంగు మారితే సెయ్యి ఆపీమనీవోరురా సారు, ఆపీసి పిలిస్తే ఆలొచ్చి సూసీవోరు, మనకి కనపడంది ఆలకి కనపడీది, ఆలకి కనపడంది ఒక్కోసారి మనకి కనపడీది" అని ఇప్పటికీ చెప్తుంది. ఒకరోజు జల్లెట్లో సెనగ్గింజంత ఎర్రపూస దొరికిందంట, ఎండలో పెట్టి చూస్తే లోపల దారం పోయే బెజ్జం సన్నగా వంకర లేకుండా కనపడిందంట, సారు దాన్ని చిన్న సంచీలో వేసి ఏ గుంట, ఎంత లోతు, ఏ తారీఖు అని చీటీ రాసి కట్టాడంట. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఆడవాళ్ళంతా నీడలో కూర్చుని టబ్బులో కుండపెంకులు కడిగేవారు, పళ్ళ బ్రష్షుతో, అది నేను కళ్ళారా చూశాను, కడిగినవి గోనెపట్టా మీద ఆరబెడితే ఆరిన ఒక్కో పెంకు మీద నల్ల ఇంకుతో నంబర్ వేసేవారు. పెంకుకి నంబర్ ఏంటి అని నవ్వేవాణ్ణి అప్పుడు. ఆ నంబర్ లేకపోతే అది ఏ పొరలోదో తెలీదు, తెలీకపోతే అది పెంకే, ఇంకేం కాదు.

ఇప్పుడు పార్టీని తీసుకెళ్తే చాలామంది పైకెక్కి ఒక సెల్ఫీ దిగి "ఏముంది అన్నా, ఇటుకలేగా, ఈ సముద్రం వ్యూ బాగుంది" అంటారు. నేను వాళ్ళకి బెరెనికె సంగతి చెప్తాను. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున పాతకాలం రేవు అది, రోమన్ల ఓడలు మన దేశానికి బయల్దేరిన చోటు. అక్కడ తవ్వుతుంటే నేలలో పాతిపెట్టిన మన దేశపు జాడీ ఒకటి దొరికింది, దాని నిండా నల్ల మిరియాలు, ఏడు కేజీల పైనే. 2022లో అదే ఊళ్ళో ఐసిస్ దేవత గుడి ముంగిట్లో పాలరాతి బుద్ధుడి విగ్రహం దొరికింది, 71 సెంటీమీటర్ల ఎత్తు. ఈజిప్టులో, ఇసకలో, బుద్ధుడు! ఇక్కడ కొండ మీద రోమన్ వెండి, అక్కడ రేవులో బుద్ధుడు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తే అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న కుర్రాళ్ళు కూడా ఆ ఇటుకల వైపు తిరిగి చూస్తారు. అక్కడ ఆ జాడీ ఒక పొక్లెయిన్ పళ్ళ కింద పడి ఉంటే మిరియాలు మట్టిలో కలిసిపోయేవి, ఈ కథ ఎవరికీ తెలిసేది కాదు.

ఇక అసలు నా కడుపుమంట ఏంటంటే, రెండేళ్ళ క్రితం మా బావమరిది టిప్పర్ తోలుతుండగా భీమిలి రోడ్డు పక్కన ఒక చోట లెవెలింగ్ పని పడింది. నేను వాడికి భోజనం ఇవ్వడానికి వెళ్ళాను. జేసీబీ బకెట్ లేచినప్పుడల్లా మట్టితో పాటు ఇటుకలు పడుతున్నాయి, మనం వాడే ఇటుకలు కావు, మూడింతలు ఉంటాయి, చేత్తో ఎత్తితే బరువుగా, కాలినవి, విరిగిన చోట ఊక కలిపిన గుర్తులు. అలాంటి ఇటుకలు చిన్నప్పట్నుంచీ కొండ మీద చూసినవాణ్ణి నేను. గుంట గోడలో ఒక చోట బూడిద చార, దాని కింద పెంకులు దొంతరగా. ఆపండి, ఎవరికైనా చూపిద్దాం అన్నాను. అక్కడ పని చేయిస్తున్న ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళి "నువ్వు అనవసరంగా నోరు జారితే పని ఆగిపోద్ది, నీ బావమరిది కూలి కూడా ఆగిపోద్ది" అన్నాడు. సాయంత్రం తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఆఫీసుకి ఫోన్ చేయిస్తే రేపు చూద్దాం అన్నారు, ఆ రేపు వచ్చేసరికి అక్కడ గుంట కూడా లేదు, పూడ్చి రోలర్ తిప్పేశారు. అది రెండు వేల ఏళ్ళదో, రెండొందల ఏళ్ళదో చెప్పేవాళ్ళు చూడాలి కదండీ, వాళ్ళు చూసే లోపే ఆ మట్టి ఇంకెక్కడో రోడ్డు కింద పడిపోయింది. ఆ రాత్రి మా అమ్మకి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "జల్లెడైనా పట్టలేదా" అని అడిగింది.

మనకి చట్టాలు లేవని కాదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు ఏమీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్ కావాలి. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దాగిన వస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్ గారికి తెలియజేయాలి. కానీ మొదటిది ఆల్రెడీ తెలిసిన చోట్లకి, రెండోది దొరికిన తర్వాత. ఇంకా ఎవరికీ తెలియని చోటు, నోటిఫై కాని చోటు, అక్కడ బకెట్ దిగే ముందు ఎవరూ చూడక్కర్లేదు. మన దగ్గర భీమిలి దాకా తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, అటు అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ, ఇటు రామతీర్థం, శాలిహుండం, ఇలా కొండ కొండకీ ఒక బౌద్ధుల చోటు ఉంటే మధ్యలో నేలంతా ఖాళీగా ఉంటుందా? కొండ మీద అంతమంది భిక్షువులకి అన్నం ఎక్కడినుంచి వచ్చింది, ఇటుకలు ఎవరు కాల్చారు, ఓడలు ఎక్కడ ఆగాయి? ఆ జనం ఊళ్ళు కిందే కదా ఉండాలి, ఇప్పుడు లేఔట్లు పడుతున్నది కూడా కిందే.

లార్స్ ఫోగెలిన్ అని ఒక అమెరికా ఆర్కియాలజిస్ట్ 2000 ప్రాంతంలో వచ్చి సరిగ్గా ఈ పనే చేశాడు, తొట్లకొండ చుట్టుపక్కల నేల కాలినడకన తిరిగి, కనపడిన ప్రతి రాళ్ళగుట్ట, ప్రతి పాత గోడ, పెంకులు పడి ఉన్న ప్రతి చోటు రాసుకున్నాడు. దానికి పెద్ద తవ్వకం అక్కర్లేదు. ఆర్కియాలజీ అంటే అందరూ గునపం అనుకుంటారు గానీ ముందు చేసేది నడవడమే, వరసగా నిలబడి నాలుగడుగుల ఎడంలో నేల చూసుకుంటూ నడవడం. అనుమానం వచ్చిన చోట చిన్న ట్రయల్ గుంట. ఏమీ లేదా, మీ పని మీరు చేసుకోండి.

మిగతా దేశాల్లో ఇది మామూలు విషయం అయిపోయింది. బ్రిటన్‌లో 1990 నుంచి ప్లానింగ్ పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఆ నేలలో ఏముందో చూడటం, అవసరమైతే తవ్వించడం, ఆ ఖర్చు కట్టేవాడిదే. లండన్‌లో కొత్త రైల్వే లైన్ కోసం యూస్టన్ స్టేషన్ పక్కన పాత శ్మశానం తవ్వితే 2019లో మాథ్యూ ఫ్లిండర్స్ సమాధి దొరికింది, ఆస్ట్రేలియా ఖండం చుట్టూ ఓడలో తిరిగి మ్యాప్ గీసిన మనిషి, శవపేటిక మీద సీసం రేకు ఉంది కాబట్టి పేరు తెలిసింది. ఏథెన్స్‌లో తొంభైల్లో మెట్రో తవ్వినప్పుడు ఆర్కియాలజిస్టులు ముందు దిగారు, ఇప్పుడు సింటాగ్మా స్టేషన్‌లో రైలుకి వెళ్ళే జనం అద్దం వెనక ఆ మట్టి పొరలు, సమాధి, నీటి గొట్టాలు అన్నీ చూసుకుంటూ వెళ్తారు. అదే దేశంలో థెస్సలోనికి మెట్రో 2006లో మొదలుపెడితే 2024లో గానీ రైలు నడవలేదు, మూడు లక్షలకు పైగా వస్తువులు దొరికాయి, పాత రోమన్ రోడ్డు దొరికితే దాన్ని ఉంచాలా తియ్యాలా అని ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. లేటు అవుతుందని భయపడేవాళ్ళు ఈ థెస్సలోనికినే చూపిస్తారు, నిజమే, లేటయింది, డబ్బు గొడవలు కూడా కలిశాయి. కానీ అక్కడ పని మొదలయ్యాక కింద ఊరు బయటపడింది కాబట్టి గొడవ. పట్టాలు ఎటు వెళ్ళాలో కాగితం మీద ఉండగానే నడిచి చూస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మన మెట్రో ఇంకా మట్టిలో దిగలేదు కదా, ఇదే టైము.

చూడకుండా తవ్వితే ఏమవుతుందో తెలుగువాళ్ళకి ఎవరో చెప్పక్కర్లేదు. అమరావతి స్తూపం మన ఇంట్లో జరిగిన కథే. 1790ల్లో అక్కడ జనం ఇళ్ళకీ కట్టడాలకీ రాళ్ళు కావాలని ఆ దిబ్బ తవ్వడం మొదలుపెట్టారు, చెక్కిన సున్నపురాతి పలకలు కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ ఒకసారి చూసి వెళ్ళి 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డున చెరువు తవ్వేసి ఉంది. మిగిలిన రాళ్ళలో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని మద్రాసు మ్యూజియంలో. ఇప్పుడు మనం స్తూపం చూడాలంటే రెండు ఊళ్ళ మ్యూజియాలు తిరిగి ఆ ముక్కలు కళ్ళలో అతికించుకోవాలి. చదువుకున్నవాళ్ళు తవ్వినా తొందరపడితే ఇంతే, 1870ల్లో ష్లీమన్ అనే జర్మన్ ఆయన గ్రీకు పురాణ కథల్లోని ట్రాయ్ నగరం వెతుకుతూ దిబ్బ మధ్యలో పెద్ద కందకం కొట్టుకుంటూ పోయి, తను వెతుకుతున్న కాలం పొరల్నే చాలా వరకు తీసి పారేశాడు.

దీనికి ఎదురు కథ నాగార్జునకొండ. అక్కడ పాత స్తంభం ఉందని గమనించి పైవాళ్ళకి చెప్పింది ఒక స్కూల్ మాస్టారు, సూరపరాజు వెంకటరామయ్య గారు, ఏ పెద్ద ఆఫీసరూ కాదు. తర్వాత సాగర్ డ్యామ్ వచ్చింది, లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నీళ్ళు వచ్చే లోపు తవ్వారు, వందకు పైగా చోట్లు బయటపడ్డాయి, ముఖ్యమైనవి ఎత్తి కొండ మీద మళ్ళీ పేర్చారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్ళని కోసి పైకి తీసుకెళ్ళి నిలబెట్టారని ప్రపంచమంతా చెప్పుకుంటుంది, అది 1964లో మొదలైంది, అప్పటికి మన కృష్ణ ఒడ్డున తవ్వకం అయిపోయింది. డ్యామ్ ఆగలేదు, చరిత్ర కూడా పూర్తిగా పోలేదు. అప్పుడు చెయ్యగలిగింది ఇప్పుడు, డ్రోన్లు, లేజర్ సర్వేలు వచ్చాక, ఎందుకు చెయ్యలేమో నాకు అర్థం కాదు.

అలాగని అంతా తవ్వెయ్యమని కూడా నేను అనట్లేదు. చైనాలో 1974లో రైతులు బావి తవ్వుతుంటే మట్టి సైనికులు బయటపడ్డారు కదా, ఆ బొమ్మలకి రంగులుండేవి, గాలి తగలగానే నిమిషాల్లో పెచ్చులూడిపోయాయి. అందుకే పక్కనే ఉన్న చక్రవర్తి సమాధిని ఇప్పటిదాకా తెరవలేదు, దాన్ని కాపాడే పద్ధతి దొరికాక చూద్దామని ఆపుకున్నారు. ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేలో 1748 నుంచి తవ్వుతున్నా ఇంకా మూడోవంతు ఊరు మట్టి కిందే ఉంచారు. తవ్వి బయట పెట్టినదాన్ని చూసుకోకపోతే ఏమవుతుందో మనకీ తెలుసు, 2019 అక్టోబర్ వానలకి తొట్లకొండ మహాస్తూపం ఒక పక్క కూలిపోయింది. ఆ వార్త చూసి మా అమ్మ నన్ను కారు తియ్యమంది. మోకాళ్ళ నొప్పులతో పైకి ఎక్కి, కూలిన ఇటుకల దగ్గరికి వెళ్ళనివ్వకపోతే దూరంగా నిలబడి "మా గుంట అదిగో, ఆ మూల" అని చూపించింది. తర్వాత మళ్ళీ కట్టారు, సంతోషం.

ఇంకో మాట చెప్పాలి. ఈజిప్టులో కుఫ్త్ అని ఒక ఊరుంది. 1890ల్లో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఆయన ఆ ఊరి కూలీలకి తవ్వకం పని శ్రద్ధగా నేర్పాడు, వాళ్ళు పిల్లలకి నేర్పారు, ఇప్పటికీ ఈజిప్టులో ఎక్కడ తవ్వకం జరిగినా కుఫ్తీ మేస్త్రీలంటే ఒక గౌరవం. మట్టి రంగు చూసి ఇది పచ్చి ఇటుక గోడ, ఇది ఊరికే పడిన మట్టి అని వేలితో తేడా చెప్పేస్తారంట. ఇది చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. తొట్లకొండలో ఐదేళ్ళు జల్లెడ పట్టినవాళ్ళు, బావికొండలో తవ్వినవాళ్ళు, వాళ్ళ చేతులకి కూడా ఆ పని వచ్చు. వాళ్ళెవరి పేరూ ఏ బోర్డు మీదా లేదు, పని అయిపోయాక ఎవరూ మళ్ళీ పిలవలేదు, అందరూ చేపల వేటకో, కాంక్రీట్ పనికో వెళ్ళిపోయారు. చాలామంది పోయారు, ఉన్నవాళ్ళు డెబ్భైల్లో ఉన్నారు.

మీ పేపర్ ద్వారా అడిగేది ఇంతే. విశాఖ నుంచి భోగాపురం దాకా ఎకరాల లెక్కన చదును చేసే ఏ పనికైనా పర్మిషన్ ఇచ్చే ముందు ఒక నడక సర్వే, అనుమానం ఉన్న చోట ట్రయల్ గుంట తప్పనిసరి చెయ్యండి, ఖర్చు ప్రాజెక్టు మీదే వెయ్యండి, ప్రాజెక్టు డబ్బులో అది లెక్కలోకి కూడా రాదు. పని మధ్యలో ఏదైనా దొరికితే ఫోన్ చెయ్యడానికి ఒక నంబర్ పెట్టండి, ఎత్తి అదే రోజు మనిషిని పంపే నంబర్, చెప్పినవాడి కూలి పోకుండా చూడండి. బ్రిటన్‌లో మామూలు జనం పొలాల్లో దొరికినవి తీసుకొచ్చి చూపించి రాయించుకునే ఏర్పాటు 1997 నుంచి ఉంది, పది లక్షలకు పైగా వస్తువులు అలా రికార్డులోకెక్కాయి, చెప్తే శిక్ష కాదు మర్యాద దక్కుతుందని వాళ్ళకి నమ్మకం కాబట్టి చెప్తున్నారు. యూనివర్సిటీలో హిస్టరీ, ఆర్కియాలజీ చదివే పిల్లల్ని ఈ సర్వేలకి పంపండి, జేసీబీ ఆపరేటర్లకి ఒక్క పూట పిలిచి పాత ఇటుక ఎలా ఉంటుంది, బూడిద పొర ఎలా ఉంటుంది చూపించండి, బకెట్ లివర్ పట్టుకున్నవాడికే అవి ముందు కనపడతాయి.

సర్వేకి ఎవరు వచ్చినా ఆదివారాలు నా కారు ఉంటుంది, డీజిల్ కూడా నాదే. భీమిలి రోడ్డులో ఏ తోటలో పెంకులు తేలతాయో, ఏ గెడ్డ ఒడ్డున పెద్ద ఇటుకలు కనపడతాయో నాకు తెలిసినంత చూపిస్తాను. అమ్మ ఎక్కువ నడవలేదు గానీ కుర్చీ వేసి కూర్చోబెడితే జల్లెట్లో పడింది పూసో, రాయో చెప్తుంది.

ఇట్లు,
మంగమారిపేట కారు డ్రైవర్,
విశాఖపట్నం.